14వ పేజీ లేని నాటిక

గుంటూరు బ్రాడీపేటలో ఒక మిత్రుడి మేడగదిలో ఆరుగురం కూర్చుని ఒక సాయంత్రం కొత్తగా ఎంచుకున్న నాటికను మొదటిసారి చదువుకుంటున్నాం. ఆ ప్రతి మాకు అచ్చుపుస్తకంగా దొరికింది కాదు. ఎవరి దగ్గరున్న నాటకాలను వారు చేర్చేలా, ఎవరికి కావలసినవి వారు దించుకునేలా కొందరు నాటకాభిమానులు అంతర్జాలంలో నడుపుతున్న ఉమ్మడి భాండాగారం నుంచి దించుకున్నది. 13వ పేజీ అడుగున తల్లి పాత్ర ‘‘అయితే ఈ కాగితం మీద వేలిముద్ర ఎవరిదిరా?’’ అని నిలదీస్తుంది. ఆ వేషం వేస్తున్నావిడ ఆ మాటను ఎంత బరువుగా అనాలో అంత బరువుగా అని, పెద్దకొడుకు వేషధారి వైపు తలెత్తి చూసింది. అతను కాగితం తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, నా వైపు చూశాడు. అవతలి పేజీలో చిన్నకొడుకు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోతున్నాడు, పెద్దకొడుకు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పేజీ అంకె చూస్తే 15.

ఫైలును మరోసారి దించి చూశాం. అందులోనూ 13 తరవాత 15 మాత్రమే ఉంది. రచయిత పేరు ఉంది గాని ఊరు లేదు, ఫోను నంబరు లేదు, ఆ ప్రతిని ఎవరు చేర్చారో కూడా లేదు. పరిషత్తు నాటక పోటీల్లో మా ప్రదర్శనకు మూడు వారాలే గడువు. ఆ రాత్రి కూర్చుని ఆ పేజీ నేనే రాశాను. వేలిముద్ర చిన్నకొడుకుదని తేల్చి, అతను తప్పు ఒప్పుకుని గడప దాటేలా, తల్లి తీర్పు చెప్పేలా ఒక పదిహేను సంభాషణలు అల్లాను. ప్రదర్శన బాగానే నడిచింది, చప్పట్లు కూడా పడ్డాయి. మేకప్ తుడుచుకుంటూ ఉండగా ఒక పెద్దాయన లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ‘‘బాగా ఆడారు బాబూ. కానీ ఆ వేలిముద్ర తల్లిదే కదా! జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు పెద్దవాడు వేయించుకుంటాడు. ఆ సంగతి ఆవిడకు అక్కడికక్కడే గుర్తుకొస్తుంది. ఆ పెద్దకొడుకు వేషం ముప్ఫై ఏళ్ల కిందట నేనే కట్టాను’’ అన్నాడు. అంటే, రచయిత నాటికలో మోసపోయిన తల్లి, మా ప్రదర్శనలో ఏ పాపమూ ఎరగని కొడుకును ఇంట్లోంచి పంపేసింది. ప్రదర్శన కార్డు మీద మాత్రం రచయిత పేరే ఉంది.

ఆ భాండాగారాన్ని చూసుకునే మిత్రులు, ఇకమీదట చేర్చే ప్రతులకు కొన్ని ప్రమాణాలు ఉండాలా, ఉంటే ఎంత గట్టిగా ఉండాలి అని ఇప్పుడు తర్జనభర్జన పడుతున్నారు. ఉండాలన్నదే నా పక్షం. అయితే ఏ ప్రమాణం అన్న దగ్గర నాకు చాలామందితో పొత్తు కుదరదు. రచయితను గాని, ఆ నాటకాన్ని గాని ఎన్నడూ చూడని ఒక నాటక సమాజం, ఎవరినీ వాకబు చేయనక్కరలేకుండా, ఆ ప్రతి ఒక్కదాన్నే చేతపట్టుకుని రచయిత రాసిన నాటకాన్నే ఆడగలగాలి. ప్రతికి పెట్టవలసిన పరీక్ష ఇదొక్కటే. దీనికి నిలవని ప్రతి, ఎంత పేరున్న రచయితదైనా, ఎన్ని బహుమతులు తెచ్చుకున్నదైనా, ‘ఆడదగిన ప్రతి’ అనే ముద్రకు తగదు.

ఈ మాట అనే ముందు నా తప్పు కూడా చెప్పుకోవాలి. పగటిపూట నేను అరండల్‌పేటలో డీటీపీ పని చేసుకుని బతికేవాణ్ణి. ఆ భాండాగారానికి నేను కూడా నాలుగు నాటికలు చేర్చాను. పెద్దాయన వెళ్లిపోయిన మర్నాడు వాటిని తెరిచి చూసుకుంటే ఒకదాంట్లో పాత్రల పట్టికలో ఉన్న కరణం నాటిక మొత్తంలో ఎక్కడా రాడు. ఇంకొకదాంట్లో రెండో రంగం చివరి నాలుగు సంభాషణలు మా దర్శకుడు రిహార్సల్లో మార్చినవి, రచయితవి కావు. మార్చినట్టు నేను ఎక్కడా రాయలేదు. రాయాలన్న ఆలోచన కూడా ఆనాడు తట్టలేదు.

నవలకూ కథకూ ఈ బాధ ఇంతగా లేదు. అచ్చయిన పుస్తకం ఒకటి ఎక్కడో ఉంటుంది, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో గాలిస్తే ఎప్పటికో ఒకప్పటికి చేతికి తగులుతుంది. పరిషత్తు నాటిక అలా బతకదు. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది మా పక్కనున్న తెనాలిలోనే. ఆ తరవాత ఊరూరా వెలసిన పరిషత్తులు పోటీల పేరిట ఎన్నో కొత్త నాటికలను రాయించాయి గాని, వాటిలో అచ్చుకెక్కినవి కొద్ది. రచయిత చేతివ్రాత ప్రతి ఒకటి, సమాజం తీయించుకున్న జిరాక్సు ప్రతులు ఆరో ఏడో, పోటీకి ఎంపిక కోసం స్క్రూటినీకి పంపిన ప్రతి ఒకటి, ప్రాంప్టరు చేతిలో పెన్సిలు గీతలతో నలిగిన ప్రతి ఒకటి, ఇవే ఆ నాటిక ఆస్తి మొత్తం. ఈ ప్రతుల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. పోటీలో గడియారం చూసి కోసినవి, నటుడి నోటికి పలకక మార్చినవి, ఫలానా ఊళ్లో నవ్వు వచ్చిందని ఉంచేసుకున్నవి అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి భాండాగారానికి ప్రతిని పంపేవాడు మొట్టమొదట చెప్పవలసింది నాటకం పేరు కాదు, ఇది ఎవరి ప్రతి అన్నది.

అచ్చయిన వాటికి కూడా ఈ ప్రశ్న తప్పదు. ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి, 1909లో ఒకసారి అచ్చయింది. మొదటి కూర్పులో అంకాలు ఐదు, రెండో దాంట్లో ఏడు. మన నాలుకల మీద ఆడే కన్యాశుల్కం రెండోది. ఎవరైనా ‘కన్యాశుల్కం, గురజాడ’ అని రెండు మాటలు మాత్రం రాసి ఒక ఫైలును చేర్చితే, అది ఏ కూర్పో చెప్పకపోతే, చేర్చినట్టా చేర్చనట్టా? అంత ప్రసిద్ధమైన నాటకం కాబట్టి తెలిసినవాడు రెండు పేజీలు చూసి పట్టేస్తాడు. మా వేలిముద్ర నాటికను పట్టడానికి ముప్ఫై ఏళ్ల కిందట వేషం కట్టిన మనిషి ప్రేక్షకుల్లో ఉండవలసి వచ్చింది.

ప్రమాణం అనగానే కొందరికి సాహిత్య విలువ గుర్తుకొస్తుంది. ముగ్గురు పెద్దలతో ఒక సంఘం వేసి, పంపిన నాటికలను చదివించి, మంచివాటినే ఉంచాలని వీరి సూచన. దీనికి నేను బొత్తిగా ఒప్పుకోను. పరిషత్తులో న్యాయనిర్ణేతలు ఆ పని ఎటూ చేస్తూనే ఉన్నారు, వారి తీర్పు మీద బస్టాండు దాకా తిట్టుకుంటూ వెళ్లడం మన ఆనవాయితీ. భాండాగారంలో కూడా అదే కచేరీ పెట్టడం దేనికి? పైగా బలహీనమైన నాటికకు కూడా ఉపయోగం ఉంటుంది. ఒకప్పుడు వరకట్నం మీద మన ఊళ్లలో ఎలాంటి మాటలు పలికితే జనం లేచి చప్పట్లు కొట్టారో తెలియాలంటే గొప్ప నాటికలకన్నా మామూలు నాటికలే ఎక్కువ చెబుతాయి. నాటిక నాసిగా ఉంటే ఉండనీ, ప్రతి మాత్రం నిక్కచ్చిగా ఉండాలి.

తెనాలిలో నేను గురువుగారని పిలుచుకునే ఒక వృద్ధ నటుడు దీనికి పూర్తిగా అడ్డం తిరిగారు. ‘‘నీ నిబంధనలు చూసి ఎవడు పెట్టె తెరుస్తాడురా? పాత్రల పట్టిక రాయి, కాలం రాయి, అనుమతి పత్రం పెట్టు అంటే, ఎనభై ఏళ్లవాడు ఆ పెట్టెను అటక మీదే ఉంచి పోతాడు. ముందు తీసుకో, తరవాత దిద్దుకో’’ అన్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేను. ఆయనకు తెలిసిన ఇద్దరు రచయితల ప్రతులు పాత కాగితాల బండి పాలయ్యాయట; కొడుకులు విదేశాల్లో, ఇల్లు అద్దెకు, గది ఖాళీ చేయాలి. చిరిగిన ప్రతి ఏ ప్రతీ లేకపోవడంకన్నా నూరు రెట్లు నయం.

కానీ ‘తరవాత దిద్దుకుందాం’ అన్నవాటిని తరవాత ఎవరు దిద్దారు? నేను చేర్చిన నాలుగింటిని కూడా ఎవరూ దిద్దలేదు, నేనే దిద్దలేదు. గురువుగారు చెప్పిన ప్రమాదానికి మందు, గేటు బార్లా తీసిపెట్టడం కాదు, వచ్చిన ప్రతి ఏ స్థితిలో ఉందో దాని నొసటి మీదే రాయడం. పాత పుస్తకాలను పదిమందీ కలిసి టైపు చేసి అంతర్జాలంలో ఉంచే తెలుగు వికీసోర్స్‌లో ఈ పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. అక్కడ ప్రతి పుటకూ ఒక స్థితి ఉంటుంది. స్కాను పక్కన పెట్టుకుని ఒకరు అచ్చుదిద్దితే పసుపు రంగు వస్తుంది, వేరొకరు మళ్లీ సరిచూసి ఆమోదిస్తేనే ఆకుపచ్చ వస్తుంది. దిద్దినవాడే ఆమోదించడానికి వీల్లేదు. ఏదైనా చిక్కు ఉన్న పుటకు విడిగా ఒక గుర్తు ఉంది. మన భాండాగారం కూడా అటకమీది పెట్టెను ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి ఏ షరతూ లేకుండా తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. అయితే అది ‘దొరికిన ప్రతి’. మా బోటి సమాజాలు దించుకుని రిహార్సలు మొదలుపెట్టే ‘ఆడదగిన ప్రతి’ వేరు. ఈ రెండింటికీ మధ్య కాపలా లేకపోవడం వల్లే నేను ఆ రాత్రి లేని పేజీని రాశాను. ‘ఇందులో 14వ పేజీ లేదు’ అన్న ఒక్క వాక్యం ముఖపత్రం మీద ఉండి ఉంటే మేము ఇంకో నాటిక చూసుకునేవాళ్లం.

టైపు సంగతికి వస్తే, నా వృత్తి గనుక, కొంచెం ఎక్కువగా చెబుతాను. ఒకప్పటి డీటీపీ ఫాంట్లలో చేసిన నాటికలను ఇప్పుడు యూనికోడ్‌లోకి మార్చి పంపుతున్నారు. మార్పిడి అయ్యాక వత్తులు ఒక అక్షరం పక్కకు జరగడం, కొన్ని అక్షరాలు ఎగిరిపోవడం మామూలే. అవి కంటికి కనబడతాయి కాబట్టి వాటితో పెద్ద ప్రమాదం లేదు. కనబడనివే ప్రమాదం. యూనికోడ్‌లో ‘సైరంధ్రి’ అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే సంకేతంతో రాయవచ్చు, ఎత్వమూ దాని కింద మరో గుర్తూ అని రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. వెతికేచోట ఆ రెంటినీ ఒకటిగా చూసే ఏర్పాటు లేకపోతే, 1885లో సురభివారు మొదటిసారి ఆడిన ‘కీచకవధ’ కథ మీద ఎన్ని నాటకాలు చేర్చినా, సైరంధ్రి పేరుతో వెతికేవాడికి వాటిలో సగం దొరక్కపోవచ్చు. దీన్ని ఒక చిన్న ప్రోగ్రాము క్షణంలో సరిచేస్తుంది, ఆ భారం పంపేవారి మీద పెట్టనక్కరలేదు.

పద్యనాటకాల విషయంలో మాత్రం భారం పంపేవారిదే. ‘పాండవోద్యోగ విజయాలు’లో దుర్యోధనుడిని కృష్ణుడు పలకరించే ‘బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్’ మా జిల్లాల్లో పశువుల కాపరికి కూడా వచ్చు. అలాంటి పాదాన్నే ఒక ప్రతిలో ‘వచ్చితివి’ అని టైపు చేసి ఉండగా చూశాను. అర్థానికి లోటు లేదు, వ్యాకరణానికి లోటు లేదు, ఏ స్పెల్ చెకరూ దాన్ని పట్టదు. కానీ అది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, మ స జ స త త గ అన్నవి గణాలు, యతి పదమూడో అక్షరం మీద. ‘చ్చితీవు’ లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ‘చ్చితివి’ అంటే మూడూ లఘువులే, నగణమైపోయింది. హార్మోనియం ముందు నిలబడి రాగం తీసే నటుడు ఆ లోటును రాగంతో పూడ్చేస్తాడు, అతని దగ్గర నేర్చుకున్నవాడికి ఇక అదే పాఠం. కాబట్టి పద్యం ఉన్న ప్రతికి గణాలు, యతిప్రాసలు చూసుకుని పంపడం తప్పనిసరి చేయాలి. ఇది పాండిత్య ప్రదర్శన కాదు, బట్టలకొట్టులో గజం బద్దతో కొలవడంలాంటిది. అక్షరం తగ్గితే ఛందస్సు వెంటనే చెప్పేస్తుంది. వచన నాటకానికి అంత నమ్మకమైన కాపలాదారు లేడు.

వచనంలో నన్ను ఎక్కువ భయపెట్టేది తప్పులు కావు, దిద్దుబాట్లు. శ్రీకాకుళం యాసలో రాసిన నాటికను మా కృష్ణా గుంటూరు టైపిస్టు కొడుతుంటే అతని వేళ్లు ఊరుకోవు. ‘ఏటి సేస్తన్నావు’ అన్నది ‘ఏమిటి చేస్తున్నావు’ అవుతుంది. అతను దాన్ని తప్పనుకుని సాయం చేశాడు. ఒక పేజీలో ఏటి, ఇంకో పేజీలో ఏమిటి వస్తే ఆ పాత్ర ఏ ఊరిదో నటుడికి అంతుచిక్కదు. అచ్చుతప్పు అనిపించినదాన్ని కూడా మూలంలో ఉన్నట్టే ఉంచి, అనుమానాన్ని పక్కన రాయాలన్న నిబంధన చిన్నదే గాని, దీనికోసం నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

ముఖపత్రం మీద ఏముండాలన్నదాని గురించి ఎక్కువ వాదన అక్కరలేదు. నాటిక ఎంతసేపు, సెట్టు ఎన్ని, స్త్రీ పాత్రలు ఎన్ని. నవ్వకండి, ఏ సమాజమైనా నాటిక గురించి అడిగే మొదటి ప్రశ్న మూడోదే. స్త్రీ పాత్రలు వేసేవారు మనకు తక్కువ, వారిలో చాలామంది ఊరూరూ తిరిగి ఒకే వారంలో మూడు సమాజాలకు వేసేవారు; ఆ ఖర్చు, ఆ తేదీలు కుదిరితేనే మిగతా మాట. ఈ సంగతి తెలియాలంటే ఇప్పుడు నలభై పేజీలూ చదవాలి.

అనుమతి దగ్గర మాత్రం ఆగాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లపాటు హక్కు ఆయన వారసులది. ‘‘మనం డబ్బు తీసుకోవడం లేదు కదా’’ అన్నది మన రంగంలో అందరి నోటా ఉన్న సమాధానం. టిక్కెట్టు లేని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సమాజం ప్రదర్శిస్తే ఉల్లంఘన కాదని అదే చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. అది ఆడటానికి ఇచ్చిన వెసులుబాటు, ప్రతిని తీసి లోకమంతటికీ పంచిపెట్టడానికి కాదు. పైగా మన నాటికల్లో ఎన్నింటికి ‘మూలకథ ఫలానా, నాటకీకరణ ఫలానా’ అని ఉండదు? అలాంటప్పుడు ఇద్దరి సమ్మతీ కావాలి. కథకుడి పేరు ముఖపత్రం మీద నుంచి ఎగిరిపోయిన నాటికలు నాకు తెలిసి కొన్ని ఉన్నాయి, వాటి పేర్లు ఇక్కడ ఎత్తడం ఎందుకు.

ఇవన్నీ నెరవేరినా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. ఆ నాటికను చూడని నలుగురిని కూర్చోబెట్టి పైకి చదివించడం. నా నాలుగింటిలో ఒకదాన్ని మొన్న ఇలాగే చదివించాను. ఆరో పేజీలో మామగారు వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఎనిమిదో పేజీలో ఆయనే గొడుగు ముడుస్తూ వీధి తలుపులోంచి వస్తున్నాడు. మధ్యలో ఎప్పుడు బయటికి వెళ్లాడు? మా ప్రదర్శనలో ఆయన వంటింట్లోకి వెళ్లి, తెర వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. మాకు తెలుసు కాబట్టి టైపు చేసేటప్పుడు ఆ నిష్క్రమణ నా కంటికి లేకపోయినా కనబడింది. చదువుతున్న కుర్రాడు ‘‘సార్, ఈయన ఇద్దరా?’’ అని అడిగాడు. గంట చదువులో ఇలాంటివి ఐదు దొరికాయి. అక్షరదోషాల కోసం మూడుసార్లు దిద్దిన ప్రతి అది.

వేలిముద్ర నాటిక వైపు వస్తాను. పెద్దాయన ఇచ్చిన ఆచూకీ పట్టుకుని వెళితే, రచయిత పోయి పదకొండేళ్లయిందని తెలిసింది. ఆయన కూతురు తెనాలిలోనే ఉన్నారు, నాకన్నా పెద్దావిడ. మేము ఆడిన సంగతి, లేని పేజీని నేను రాసిన సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికి వెళ్లి స్టీలు డబ్బాలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి, ‘‘ఇల్లు దాటి మాత్రం పోకూడదు తమ్ముడూ’’ అంటూ చేతికిచ్చారు. 14వ పేజీ ఉంది. తల్లి ఎడమచేతి బొటనవేలిని దీపం దగ్గర పెట్టి చూసుకుంటూ, ‘‘నా వేలే నాకు సాక్ష్యం చెబుతోందిరా’’ అంటుంది. ఆ వాక్యం మీద ఒక గీత కొట్టి ఉంది. పక్కన, అంచులో, వేరే రంగు సిరాతో, అదే చేతివ్రాతలో, ‘తల్లి ఏమీ అనదు. దీపం తగ్గిస్తుంది’ అని రాసి ఉంది.

‘‘ఏది ఉంచుతారు?’’ అని అడిగారావిడ.

‘‘రెండూ నాన్నగారి రాతే కదక్కయ్యగారూ. రెండూ ఉంచి, ఏది ఎక్కడ ఉందో రాస్తాను.’’

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి, కింద తండ్రి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా తానే రాశారు. భాండాగారంలో ఇన్నాళ్లూ ఆ ఇంటిపేరు తప్పుగా ఉంది. నోటుబుక్కును డాబా మీదికి తీసుకెళ్లి, ఎండ తగ్గకముందే 38 పేజీలూ వరసగా ఫొటోలు తీశాను. 14వ పేజీని మాత్రం, ఆ గీత కింది అక్షరాలు కూడా తెలిసేలా, దగ్గరగా ఇంకోసారి తీశాను.